ఇసుక సంచుల నడుమ

అండాలు మొదటిసారి ఎల్లేశం కంట్లోకి చూసిన పూట అతడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ప్రేమతో కాదు. పొద్దున జొన్నరొట్టెలోకి పచ్చి ఉల్లిగడ్డ నంజుకొని వచ్చాడు.

పాలమూరు దవాఖానలో అదొక చీకటి గది. కిటికీలకు గొంగళ్లు కట్టి వెలుతురు రాకుండా చేశారు. బయట శ్రావణమాసపు వాన రేకుల మీద దబదబా కొడుతోంది. లోపల కంపౌండర్లు, నర్సులు జంటలు జంటలుగా కూర్చొని ఒకరి కన్ను ఒకరు చూస్తున్నారు. చేతిలో బ్యాటరీతో వెలిగే చిన్న కంటి టార్చి. దాని రంధ్రానికి తన కన్ను ఆనించి, ఎదుటి ముఖానికి తన ముఖం దాదాపు తగిలేంత దగ్గరికి వంగితే తప్ప లోపలిది కనిపించదు.

"జర కదలకుండ కూసోండ్రి కంపౌండర్ సాబ్," అంది అండాలు.

"నేను కదుల్తలేను. నీ చెయ్యే వణుకుతాంది."

"నా చెయ్యి మంచిగనే ఉన్నది. మీ కన్నే తిరుగుతాంది, జాతరకు బోయినట్టు."

"ఇంత దగ్గరికి ఆడమనిషి వస్తె నా కన్ను ఎటు జూడాలె మరి?"

"గోడకు మేకున్నది, దాన్ని జూడుండ్రి. నన్ను జూడొద్దు."

పక్క జంటలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్లేశం మేకును చూశాడు. ఊపిరి మాత్రం వదల్లేదు.

అది అరవై రెండో సంవత్సరం. తాలూకా దవాఖానల్లో కంటి పని చేసేవాళ్లను పిలిపించి నెల రోజుల తరగతి పెట్టారు. కల్వకుర్తి నుంచి కంపౌండర్ ఎల్లేశం వచ్చాడు. చిట్యాల దిక్కు నుంచి నర్సు అండాలు వచ్చింది. పాఠం చెప్పడానికి హైదరాబాదు నుంచి కంటి డాక్టరు రామచంద్రయ్య వచ్చాడు.

మొదటి రోజే ఆయన కటికె దుకాణం నుంచి మేక కళ్లు తెప్పించి పళ్లెంలో పెట్టించాడు.

"ఇన్నేళ్ల నుంచి మీరు కంట్లో మందు వేస్తున్నారు. ఎర్ర కన్ను తెలుసు, పువ్వు తెలుసు, పొర తెలుసు. కానీ అదంతా దర్వాజ. దర్వాజ కడిగి మనిషిని పంపిస్తున్నారు. ఇంట్లో ఏం జరుగుతుందో తొంగి చూసినవాళ్లు మీలో ఎవరూ లేరు. ఈ నెల ఇంట్లోకి పోదాం," అన్నాడు.

కన్ను కోసి వెనుక భాగం తెరిచి చూపించాడు. లోపలి గోడకు పల్చటి పొర ఒకటి, పాల మీద మీగడ కట్టినట్టుగా ఉంది. చిమ్టాతో తాకగానే గోడను విడిచి జారింది.

"ఇదే రెటీనా. చూసేది ఇదే. ఇది గోడను విడిచిందంటే ముందున్న కన్ను ఎంత మెరిసినా లోపల చీకటే."

ఎల్లేశం గొర్లకాపరుల ఇంటివాడు. "మేక కన్ను మాకు కొత్తనా?" అంటూ ముందుకు జరిగి కత్తి పట్టాడు. కన్ను జారి, నేల మీద దొర్లుకుంటూ పోయి అండాలు కాలి దగ్గర ఆగింది.

"మీ మేక తప్పిపోయి వచ్చింది. తోలుకపోండ్రి," అంది అండాలు.

"నీకేం తెలుసమ్మా గొల్లపని?"

"మాదీ గొల్లిల్లే. మా దిక్కు మేకలు కాపరి చేతిల నుంచి గిట్ల జారయి."

తరగతంతా నవ్వింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాట మాటకూ పోటీ. కల్వకుర్తి గొంగడి గొప్పదా, చిట్యాల గొంగడి గొప్పదా అనే తగువు ఒక్కటే వారం రోజులు నడిచింది. అందుకే జంటలు కట్టించేటప్పుడు డాక్టరు వాళ్లిద్దరినీ ఒక జంటగా వేశాడు. కొట్లాడుకునేవాళ్లు ఒకరి తప్పు ఒకరు బాగా పట్టుకుంటారని ఆయన లెక్క.

ఇప్పుడు ఆ చీకటి గదిలో అండాలు ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది.

"ఏమయింది? లోపల బంగారం గిట్ల దొరికిందా?" అన్నాడు ఎల్లేశం.

ఆమె ఇంకా దగ్గరికి వంగింది. అతని కుడి కంట్లో ఒక పక్క ఎర్రగా, ఉండాల్సినట్టే ఉంది. రెండో పక్క బూడిద రంగు. అందులో ముడతలు. కన్ను కదిలినప్పుడల్లా ఆ ముడతలు, ఎండేసిన చీర గాలికి ఊగినట్టు ఊగుతున్నాయి.

"కంట్ల మెరుపులు వస్తున్నయా?" అని మెల్లగా అడిగింది.

ఎల్లేశం ఊపిరి వదిలాడు. ఉల్లిగడ్డ సంగతి మరిచిపోయాడు.

"నీకెట్ల తెలుసు?"

"వస్తున్నయా, లేదా?"

"మొన్న ఊరికి బోయినప్పుడు పొట్టేండ్లు కొట్లాడుతుంటె ఇడదీసిన. ఒకటి నుదుటికి గుద్దింది. అప్పటి సంది మిణుగురులు. పైత్యం చేసిందని నిమ్మకాయ, జీలకర్ర తింటున్న."

"నల్ల నలుసులు?"

"ఈగలసొంటియి. అవీ పైత్యానికే."

"మరి ఇప్పుడు?"

అతడు కాసేపు మేకునే చూశాడు. "ముక్కు పక్క నుంచి గొంగడి అంచు అడ్డం వచ్చినట్టుంటది. పొద్దుపొద్దుకు జరంత పెరుగుతాంది."

అండాలు టార్చి ఆర్పింది. లేచి నిలబడింది.

"ఎటు బోతున్నవ్?"

"సార్ కాడికి."

"అండాలూ, చెప్పకు." మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. "కన్ను పోయిన కంపౌండర్ను ఎవరుంచుకుంటరు? తరగతి అయిపోనీ. నౌకరి నిలవడనీ. తర్వాత హైదరాబాద్ బోయి మెల్లగ చూపించుకుంట. నువ్వు పైత్యమనే అనుకో."

"మా నాయిన గూడ గిదే చెప్పిండు, తెర దించినట్టు ఉన్నదని. ఊరంత పైత్యమనే అన్నది. నేను తోలుకపోయేసరికి ఇగ కాదన్నరు. ఇప్పుడు గొర్ల మెడల గంటలు ఇని మంద ఎటున్నదో చెప్తడు." ఆమె టార్చి కుర్చీ మీద పెట్టింది. "మెల్లగ అనకుండ్రి. అది మెల్లగ అంటె ఆగది."

చీకట్లోనే నడిచి గది మధ్యకు వచ్చి, అందరికీ వినపడేటట్టు "సార్!" అని పిలిచింది.

డాక్టరు రామచంద్రయ్య వచ్చి చాలాసేపు చూశాడు. టార్చి దించి, "ఇట్లాగే పడుకో. లేవకు. తల తిప్పకు," అన్నాడు. హైదరాబాదుకు పంపుదామంటే ఆ గుంతల దారిలో బస్సు ఒక్క కుదుపు కుదిపినా మిగిలింది చిరుగుతుంది. ఆపరేషన్ పెట్టెనే ఇక్కడికి తెప్పిస్తానన్నాడు.

నడవగలిగిన మనిషిని స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. తరగతి అంతా దారి ఇచ్చి నిలబడింది. అండాలు దగ్గరికి వచ్చినప్పుడు ఎల్లేశం, "సంబురమయిందా?" అన్నాడు.

ఆమె స్ట్రెచర్ అంచున జారుతున్న దుప్పటి సర్దింది.

*

కబురు అందగానే ఎల్లేశం తల్లి గుర్వమ్మ గొర్లను చుట్టాల ఇంట్లో అప్పజెప్పి, భుజాన గొంగడి వేసుకొని వానలో దిగింది. చెప్పులు బయటే విడిచి, తడిసిన గొంగడితోనే డాక్టరు ముందు నిలబడింది.

"నా కొడుకు కన్ను కోస్తవా సారూ?"

"కోయడం కాదమ్మా. లోపలి పొర ఒకచోట చిరిగి గోడను విడిచింది. సన్న సూదితో బయట నుంచి కరెంటు వాత పెడతా."

"వాతనా?" గుర్వమ్మ ముఖం కొంచెం తేరింది. "గొర్రెకు వెట్టినట్టేనా? వాత వెట్టిన కాడ మచ్చ పడ్తది. మచ్చ పడ్డ కాడ తోలు కిందిదానికి పట్టుకుంటది."

"అంతేనమ్మా. మచ్చ పడాలె, పొర పట్టుకోవాలె. పట్టుకొనేదాకా నీ కొడుకు కదలకూడదు."

"గొర్రెనయితె కాళ్లు గట్టి పండబెడ్తం. మనిషినెట్ల ఆపుతవు?"

ఎలా ఆపుతారో ఆపరేషన్ అయ్యాక తెలిసింది. రెండు కళ్లకూ కట్టు కట్టారు, ఎందుకంటే ఒక కన్ను కదిలితే రెండోది కూడా కదులుతుంది. తలకు అటొక ఇసుక సంచి, ఇటొక ఇసుక సంచి పెట్టారు. వెల్లకిలా పడుకోవాలి. లేవకూడదు, పక్కకు తిరగకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు.

"నవ్వు అన్నిటికంటే చెడ్డది," అన్నాడు డాక్టరు. "నవ్వు బంద్."

పట్టుకుందో లేదో కట్టు విప్పినప్పుడే తెలుస్తుంది. అప్పటిదాకా పక్షం రోజులకు పైనే.

చీకట్లో ఎల్లేశానికి చెవులు పెద్దవయ్యాయి. వాన ఎప్పుడు రేకు మీద పడుతుందో, ఎప్పుడు వేప ఆకు మీద పడుతుందో తెలిసేది. అమ్మ కడియం చప్పుడు తెలిసేది. మూడో రోజు పొద్దున ఒక కొత్త అడుగు వినిపించింది. వచ్చి మంచం పక్కన ఆగింది.

"ఎవరు?"

"నేనే. అండాలు."

ఎల్లేశానికి కోపం వచ్చింది. ముఖం తిప్పుకుందామనుకున్నాడు. సంచులు అడ్డం. కోపంగా ఉన్న మనిషి ముఖం తిప్పుకోలేకపోతే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"తరగతిల చెప్పిన పాఠం చెప్త. మీరు ఎనుకవడొద్దు," అంది.

"ఎందుకు? నౌకరే ఉండదు, పాఠమెందుకు?"

"ఉంటదో లేదో మీ కన్ను చెప్తది. పాఠం నేను చెప్త. దేని పని దానిదే."

అలా మొదలయింది. రోజూ తరగతి కాగానే వచ్చి, ఆనాడు విన్నది విన్నట్టు చెప్పేది. చక్కెర రోగం ఉన్నవాళ్ల కంట్లో రక్తం ఎలా చెమ్మగిలుతుందో, రక్తపోటు ఉన్నవాళ్ల రక్తనాళాలు ఎలా వంకర పోతాయో, రేచీకట్లన్నీ తిండి లోపం వల్ల వచ్చేవి కావనీ చెప్పేది. అతడు కళ్లులేని చీకట్లో కంటి లోపలి ఇల్లంతా తిరిగాడు.

తల ఊపకూడదు కాబట్టి వేళ్ల మీద గుర్తులు పెట్టుకున్నారు. చూపుడు వేలు ఎత్తితే నీళ్లు కావాలి. చిటికెన వేలు ఎత్తితే అండాలు బయటికి నడిచి గుర్వమ్మను పంపాలి. బొటనవేలు ఎత్తితే, నవ్వొస్తోంది, ఆపమని.

ఆ మూడో గుర్తు అతడే అడిగి పెట్టించుకున్నాడు. ఎందుకంటే అండాలు పాఠం చెబుతూ చెబుతూ ఇంటి ముచ్చట్లలోకి పోయేది.

"మా నాయిన ఒకసారి సంతల పొట్టేలును కొన్నడు. చిట్యాలకు నడిపిచ్చుకొని రావాలె. అది రానన్నది. బస్సెక్కిచ్చిండు. కండక్టర్ వచ్చి, ఏమయ్యా మల్లప్పా, పొట్టేలుకు గూడ టికెట్ దియ్యాలె అన్నడు. నాయిన అన్నడు గద..."

బొటనవేలు లేచింది.

అండాలు నోరు మూసుకుంది. ఎల్లేశం పెదవులు బిగించి, కడుపు బిగించి, రెండు సంచుల నడుమ రాయిలా పడుకున్నాడు. నవ్వు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది.

"ఏమన్నడో చెప్పు," అన్నాడు కాసేపటికి.

"చెప్ప. కట్టు ఇప్పినంక చెప్త."

"సగం చెప్పి ఇడిచిపెట్టుడు పాపం."

"మీ కన్ను సగంల ఇడిచిపెట్టుడు అంతకంటె పాపం."

ఒక మధ్యాహ్నం వంటశాలలో ఎవరో ఎండు మిరపకాయలు మాడ్చారు. ఘాటు వరండా దాటి వచ్చింది. ఎల్లేశం ముక్కు అదిరింది. చెయ్యి లేచింది, కానీ తుమ్ముకు గుర్తే పెట్టుకోలేదు. ఏ వేలు ఎత్తాలో తెలియక అయిదు వేళ్లూ చాపాడు.

అండాలుకు అర్థమయింది. వంగి, అతని ముక్కు కింద, పై పెదవి మీద తన వేలు పెట్టి గట్టిగా అదిమింది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తుమ్ము వచ్చి గుమ్మంలో నిలబడింది. చాలాసేపు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది.

వేలు మాత్రం ఇంకాసేపు అక్కడే ఉంది.

"పోయిందా?" అని గుసగుసగా అడిగింది.

"పోయింది," అన్నాడు. వేలు కింద పెదవి కదిలింది. ఆమె చెయ్యి తీసేసుకుంది. ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

గుర్వమ్మ మంచం కాళ్ల దగ్గర కూర్చొని గొంగడి దారం విప్పుకుంటూ అంతా చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు అండాలు తల దువ్వుకోకుండా వచ్చిందని పిలిచి కూర్చోబెట్టి, జడ వేస్తూ అడిగింది.

"ఇంకా పెండ్లెందుకు గాలే బిడ్డా?"

"వచ్చినోళ్లందరికి ఒక్క మాట చెప్తున్న పెద్దమ్మా. మా నాయిన నాతోని వస్తడని. ఆయనకు నేను తప్ప ఎవరు లేరు. ఆ మాట ఇన్నంక మల్ల ఎవరు రాలే." ఆమె జడకు కట్టే రిబ్బను వెనక్కి అందించింది. "మా మేనత్తయితె మొఖం మీదనే అన్నది. గుడ్డోన్ని సాకే కొంపల నుంచి పిల్లను తెచ్చుకునేదెవరు అని."

ఎల్లేశం అది విన్నాడు. వినకుండా పక్కకు తిరగడానికి వీల్లేదు.

ఆ తర్వాత అతడు మాటలు తగ్గించాడు. పాఠం వినేవాడు. గుర్తులు చూపేవాడు. నవ్వు వేలు మాత్రం ఎత్తడం మానేశాడు. కట్టు కింద ఒకటే ఆలోచన. ఈ కన్ను పోయి, రెండోదీ దాని దారే పడితే, ఆ పిల్ల ఎదుట ఇంకొక గుడ్డివాడిని ఏ ముఖం పెట్టుకొని నిలబెట్టను?

*

రేపు కట్టు విప్పుతారనగా సాయంత్రం అండాలు వచ్చింది. వాన వెలిసింది. చూరు నుంచి ఒక్కొక్క బొట్టు రాలుతోంది. గుర్వమ్మ మూలన గొంగడి కప్పుకొని ఒరిగి ఉంది.

పాఠం చెప్పలేదు అండాలు. మంచం పట్టె పట్టుకొని నిలబడింది.

"రేపు ఇప్పుతరు," అంది.

చూపుడు వేలైనా ఎత్తలేదు అతడు.

"ఇప్పినంక కనవడితె, నౌకరున్నోడని ఒప్పుకున్నదంటరు. కనవడకపోతె, పాపమని ఒప్పుకున్నదంటరు. నాకు రెండూ వద్దు. అందుకే ఇయ్యాల్నే అడుగుతున్న. ఇయ్యాల నాకు తెల్వది, నీకు తెల్వది, సార్‌కు తెల్వది."

అండాలు మంచం పట్టె వదిలి దగ్గరికి వచ్చింది.

"మా నాయిన నాతోని వస్తడు. ఆయన గొర్లు వస్తయి. చేతిల నుంచి మేకను జారవిడిచెటోని ఇంటికి రావాల్నంటె నాకూ భయమే. అయినా వస్త. నీకిష్టమైతె చెప్పు."

"నాది పోతె..." అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా. "ఇంట్ల ఇద్దరమయితం అండాలూ."

"ఆ లెక్క నాది. నిన్ను అడిగింది అది కాదు."

చూరు నుంచి బొట్లు రాలుతూనే ఉన్నాయి. ఎల్లేశం చెయ్యి దుప్పటి మీద చాలాసేపు కదల్లేదు. తర్వాత బొటనవేలు మెల్లగా లేచింది.

"నవ్వొస్తాందా?" అని అడిగింది అండాలు.

వేలు దిగలేదు.

"ఏడ్పు గూడ బంద్ కంపౌండర్ సాబ్," అంది, కట్టు అంచు తడవకముందే. "కట్టు తడిస్తె సార్ నన్ను తిడ్తడు."

మూలన గొంగడి కదిలింది.

"నా కొడుకు ఏలు ఎత్తిండు. నేను జూసిన," అంది గుర్వమ్మ. "రేపు కన్ను ఎట్లనన్న ఉండనీ, ఎత్తిన ఏలు మల్ల దించనియ్య బిడ్డా. మీ నాయినకు మా ఇంట్ల కుక్కిమంచం ఉన్నది. కొత్త నులక అల్లిస్త."

*

మర్నాడు తరగతంతా వచ్చి గోడవారగా నిలబడింది. డాక్టరు కట్టు విప్పి, టార్చి పట్టుకొని, లోపలికి చూశాడు. ఒకసారి చూసి, మందు వేసి, మళ్లీ చూశాడు.

"అండాలూ, ఇటు రా. నువ్వే మొదట చూశావు. ఇప్పుడు కూడా నువ్వే చెప్పు."

ఆమె వంగింది. ఈసారి చెయ్యి నిజంగానే వణికింది. ఆ బూడిద రంగు లేదు. ముడతలు లేవు. ఆ పక్కన వరసగా తెల్లటి మచ్చలు, వాత పెట్టిన గుర్తులు. వాటి చుట్టూ పొర గోడను అంటుకొని ఎర్రగా, నిలకడగా ఉంది.

"పట్టుకున్నది సార్," అంది.

"పట్టుకుంది. ఆ పక్క చూపు కొంచెం మసకగానే ఉంటుంది. పని చేసుకోవచ్చు. నౌకరి సంగతి నేను రాస్తా," అన్నాడు డాక్టరు. కన్ను అటూ ఇటూ తిరగకుండా ఒక నల్ల అద్దాల జోడు పెట్టాడు. ఒక్కొక్క అద్దంలో నడుమ జొన్నగింజంత రంధ్రం, అంతే. "ఇంకో నెల ఇవే. నవ్వు ఇంకా బంద్."

ఆ రంధ్రంలోంచి ఎల్లేశం అండాలును చూశాడు. ఒక్కసారి ఒక్క ముక్కే కనిపించింది. మొదట ముక్కుపుడక. తర్వాత తడిసిన రెప్ప. ఆ తర్వాత తన పెదవి మీద ఒకనాడు ఆగిన వేలు. మొత్తం మనిషిని కూడగట్టుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

*

నెల గడిచాక అండాలు తండ్రిని వెంటబెట్టుకొని కల్వకుర్తికి వచ్చింది. మల్లప్ప కర్ర తాటించుకుంటూ గుర్వమ్మ వాకిట్లోకి దిగాడు. చేతితో తడిమి, కొత్త నులక మంచం మీద కూర్చున్నాడు. అంతకు ముందురోజే ఎల్లేశం పాలమూరు పోయి డాక్టరుకు చూపించుకొని వచ్చాడు.

"నవ్వొచ్చన్నడు సార్," అన్నాడు ఎల్లేశం. రంధ్రపు అద్దాలు ఇంకా పెట్టుకునే ఉన్నాడు, అలవాటై. "ముందుగాల ఆ పొట్టేలు సంగతి తేలాలె. టికెట్ దియ్యాలె అన్నడు కండక్టర్. తర్వాత?"

"నన్నడుగుతవేంది? పొట్టేలుగల్లాయన ఈడనే ఉన్నడు," అంది అండాలు.

మల్లప్ప కర్ర పక్కన పెట్టాడు.

"ఏమున్నది అల్లుడా. టికెట్ దీసిన. టికెట్ ఉన్నంక సీటియ్యాలె గద అన్న. గుంజి సీటు మీద కూసుండవెట్టిన. ఇగ నాకు జాగ లేదు. నేను నిలవడ్డ."

"గంతేనా?"

"గంతే. కిటికి పక్క సీటు. చిట్యాల దాక మెడ బయటికి వెట్టి అన్ని జూసుకుంట వచ్చింది." ముసలాయన చేతులు గాలిలో ఒక కొమ్మును పట్టుకున్నాయి. "నాకు అప్పటికే తెర దిగుతున్నది. దారి పొడుగున అది జూసింది. నేను దాని కొమ్ము వట్టుకొని నిలవడ్డ."

అండాలు తల వంచుకుంది. ఆ చివరి మాట ఆమె కూడా ఇంతకుముందు వినలేదు.

ఎల్లేశం జొన్నగింజంత రంధ్రంలోంచి ముసలాయన ముఖం చూశాడు. ఆ ముఖం నిండా నవ్వే ఉంది.

"ఏమేం జూసిందో మరి మామా?"

"అడిగిన బిడ్డా. దిగినంక అడిగిన." మల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "చెప్పలే. టికెట్ నాది, ముచ్చట దానిది అయిపాయె."

ఎల్లేశం కడుపులో నవ్వు కదిలింది. ఎన్నాళ్ల నుంచో సంచుల నడుమ ఆగి ఉన్న నవ్వు అది. అతనికి తెలియకుండానే బొటనవేలు పైకి లేచింది.

అండాలు ఆ వేలిని తన పిడికిట్లో పట్టుకొని కిందికి వంచింది.